వసంతం మీద వ్యాసం వద్దు, కాకి చేత అర్జీ రాయించండి

(గుంటూరులో 2026 మార్చి మొదటి వారంలో జరిగిన ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినిపిస్తోందా? వినిపించనివాళ్ళు చెయ్యెత్తండి. అవున్లే, వినిపించనివాళ్ళు ఎలా ఎత్తుతారు? సరే, ముందు వరసలన్నీ ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండమ్మా. పిల్లలకి రోజూ చెప్పే మాటే ఇది. మన దగ్గరికొచ్చేసరికి మనమే వినం.

నాకిచ్చిన అంశం "వసంత ఋతువు, చిన్నపిల్లల చేత సృజనాత్మక రచన". మీ మొహాలు చూస్తుంటే నాకు తెలిసిపోతోంది. పరీక్షలు దగ్గరకొచ్చాయి, సిలబస్ మిగిలింది, ఈ నెల మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఆ టెన్షన్ లో మేముంటే ఈవిడొచ్చి వసంతం అంటుందేమిటని అనుకుంటున్నారు. అనుకోండి. నేను కొత్తగా ఒక్క పీరియడ్ కూడా అడగను. మన వాచకంలో పాఠం చివర "సృజనాత్మకత" అని ఎలాగూ ఉంటుంది కదా? దాన్ని మనం ఏం చేస్తాం? చాలా చోట్ల "ఇంటి దగ్గర రాసుకు రండి" అంటాం. ఆ చోటే నాకివ్వండి, చాలు.

ముందుగా ఒక వ్యాసం చదువుతాను. మీలో ప్రతి ఒక్కరూ దీన్ని దిద్ది ఉంటారు. "వసంత ఋతువు ఋతువులకు రాజు. ఈ ఋతువులో చెట్లు చిగురిస్తాయి. మామిడి చెట్లు పూత పూస్తాయి. కోయిలలు కుహూ కుహూ అని కూస్తాయి. ప్రకృతి పచ్చని చీర కట్టుకుంటుంది." అంతే కదా? నలభై పుస్తకాలు దిద్దితే నలభైలోనూ ఇదే. అక్షర దోషాలతో సహా ఇదే! ఎందుకంటే బోర్డు మీద రాసింది మనమే, గైడులో ఉన్నదీ అదే.

ఇందులో తప్పేముంది మేడమ్ అని మీరు అడగొచ్చు. అడగండి. నేను వేరే ప్రశ్న వేస్తాను. ఈ మార్చిలో మన గుంటూరులో మామిడి పూత ఎక్కడుంది? చెప్పండి. పూత జనవరిలో, ఫిబ్రవరిలో వచ్చేసింది. ఇప్పుడు చెట్టు మీద ఉన్నది పిందె. ఉగాది నాటికి కాయ. ఆ కాయే తరిగి పచ్చట్లో వేస్తాం. పచ్చట్లో కాయ తింటూ, వ్యాసంలో "ఇప్పుడు పూత పూస్తుంది" అని రాయిస్తున్నాం! పిల్లాడు రెండూ చూస్తున్నాడు. చూసిందొకటి, రాయాల్సింది ఇంకొకటి. రాయడమంటే చూసినదాన్ని పక్కన పెట్టేయడమని వాడు మూడో తరగతిలోనే నేర్చుకుంటున్నాడు. నా అభ్యంతరం అక్కడ.

చైత్రం, వైశాఖం రెండు నెలలూ వసంతం అంటాం. ఏప్రిల్ నెలాఖరుకి బడులు మూసేస్తాం. అంటే వసంతంలో బడి ఉండేది నెలకి కాస్త పైన. అందులో మధ్యాహ్నాలు ఎండ మాడ్చేస్తుంది. ఇదీ మన వసంతం. పుస్తకంలో వసంతం వేరే ఎక్కడో ఉంది. మన పిల్లల చేత మన వసంతాన్ని రాయించాలి. దానికి నేను రెండే పనులు చెబుతాను. విషయాన్ని చిన్నది చెయ్యండి. రాయడానికి ఒక అవసరం కల్పించండి. "వసంతం" అని ఇవ్వొద్దు, "మీ గుమ్మం ముందు వేపచెట్టు" అని ఇవ్వండి. "వర్ణించండి" అనొద్దు. ఎవరికి రాయాలో, ఎందుకు రాయాలో చెప్పండి. ఇక ఉదాహరణలే చెబుతాను, సిద్ధాంతాలు నాకు రావు.

కోయిలతో మొదలుపెడదాం. రేపు క్లాసులో అడగండి, "మీలో కోయిల కూత విన్నదెవరు?" అందరూ చేతులెత్తుతారు. "చూసిందెవరు?" సగం చేతులు దిగిపోతాయి. "ఎలా ఉంది?" నల్లగా ఉంది అంటారు. అప్పుడు మీరు చెప్పండి. నల్లగా, ఎర్ర కళ్ళతో ఉండేది మగ కోయిల. కుహూ అని కూసేది అదే. ఆడ కోయిల నల్లగా ఉండదు, గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలుంటాయి. అది కుహూ అనదు, కిక్ కిక్ మని అరుస్తుంది. కథల్లో కోయిలమ్మ పాడిందని రాస్తాం కానీ పాడేదంతా కోయిలయ్యే! ఆడపిల్లలు ఇది వినగానే ఒప్పుకోరు, గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి. ఇంకోటి. మామిడి చిగుళ్ళు తిని కోయిల గొంతు సవరించుకుంటుందని కవులు రాశారు. అది ఎక్కువగా తినేది పళ్ళు. మర్రిపళ్ళు, రావిపళ్ళు. కవుల్ని తిట్టమని కాదు, పిల్లలకి రెండూ చెప్పండి. ఏది రాసుకుంటారో వాళ్ళిష్టం.

అసలు సంగతి ఏమిటంటే కోయిల గూడు కట్టదు. కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. కాకి పొదుగుతుంది, కాకే మేపుతుంది. ఇది విన్నాక పిల్లల మొహాలు చూడాలి మీరు! "అన్యాయం టీచర్" అంటారు. ఆ మాట కోసమే మనం చూస్తున్నది. అన్యాయం అన్నావు కదా, అయితే అర్జీ పెట్టు. లేఖ రాయడం ఎలాగూ నేర్పాలి మనం. "సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి లేఖ", ఆ జ్వరం లేఖ ఎన్నాళ్ళు రాయిస్తాం? కాకి తరఫున ఊరి సచివాలయానికి అర్జీ రాయించండి. తేదీ, సంబోధన, విషయం, సంతకం అన్నీ అందులో వచ్చేస్తాయి.

నా దగ్గర చదివిన ఒక పాప రాసింది దాచుకున్నాను. చదువుతాను. "సచివాలయం వారికి కాకి నమస్కరించి వ్రాయునది. విషయం: నా గూటిలో వేరేవారు గుడ్లు పెట్టుట గురించి. అయ్యా, నేను పుల్లలు ఏరుకొచ్చి వేపచెట్టు మీద ఇల్లు కట్టుకున్నాను. కోయిల వాళ్ళకి ఇల్లు లేదు. వాళ్ళ బిడ్డని నేను పెంచాను. దానికి రేషన్ కూడా ఇవ్వలేదు. పెద్దయ్యాక అది నన్ను అమ్మా అనలేదు, కూ అంది. కావున తమరు దయతో న్యాయం చేయగలరు. ఇట్లు, కాకి, వేపచెట్టు, రెండో కొమ్మ."

రెండో కొమ్మ! చిరునామా కూడా రాసింది చూడండి. "అమ్మా అనలేదు, కూ అంది" అన్న వాక్యం నేను నా జన్మలో రాయలేను. ఆ పిల్లకి వసంతం మీద వ్యాసం ఇచ్చి ఉంటే "ఋతువులకు రాజు" అనే రాసేది. పిల్ల మారలేదు, ప్రశ్న మారింది.

అక్కడితో ఆపకండి. మర్నాడు పుస్తకాలు మార్చండి. పక్కవాడు కోయిల తరఫున సంజాయిషీ రాయాలి. మెమోకి సంజాయిషీ ఎలా రాస్తారో మనకి బాగా తెలుసు కదా? నవ్వకండి, మీ అనుభవమే అక్కడ పనికొచ్చేది. "నాకు గూడు కట్టడం రాదు, మా అమ్మ కూడా కట్టలేదు, మాకెవరూ నేర్పలేదు" అని ఒక పిల్లాడు రాశాడు. వాడి ఇంటి సంగతులు నాకు తెలుసు. ఆ వాక్యం దగ్గర నేనేమీ దిద్దలేదు.

బడి పంచాంగం

ఇప్పుడు ఉగాది. ఈసారి మార్చి 19న వస్తోంది. ఉగాది అనగానే ఆరు రుచులు, జీవితంలో కష్టసుఖాలు అని రాయిస్తాం. ఎనిమిదేళ్ళ పిల్లకి జీవితంలో కష్టసుఖాల సమతౌల్యం ఏమిటండీ? ఆ పిల్ల కష్టమల్లా వేపపువ్వు నోట్లో పడ్డప్పుడు ఉమ్మేయనివ్వకపోవడం. అది రాయమనండి. "పచ్చడి తిన్నాక నాలుక మీద ఆఖరున మిగిలిన రుచి ఏది? దాని పేరు చెప్పకుండా నాకు తెలిసేలా రాయి." వగరుని పేరు చెప్పకుండా చెప్పడం ఎంత కష్టమో మీరు ప్రయత్నించి చూడండి. పచ్చి మామిడికాయ తొడిమ విరిచినప్పుడు బొట్టు బొట్టుగా సొన కారుతుంది కదా? అది పెదవికి తగిలితే మంట పుట్టి తర్వాత నల్లగా మచ్చ పడుతుంది. ఆ మచ్చతో బడికొచ్చిన పిల్లాణ్ణి పట్టుకోండి. వాడి దగ్గర కథ ఉంది. ఆ కాయ ఎవరి దొడ్లోదో ముందు అడగొద్దు, అడిగితే కథ రాదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పంచాంగం. ఉగాది సాయంత్రం గుళ్ళో పంచాంగ శ్రవణం చేస్తారు కదా. రాశికి ఆదాయం ఇంత, వ్యయం ఇంత, రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత. పెద్దవాళ్ళు ఎంత శ్రద్ధగా వింటారో! పక్కనే పిల్లలూ వింటారు. వాళ్ళ చేత బడి పంచాంగం రాయించండి. రాశులెవరు? క్లాసులో ఉన్న వస్తువులే. సుద్దముక్క రాశి, డస్టర్ రాశి, గంట రాశి, చెత్తబుట్ట రాశి, హెచ్.ఎం. గారి కుర్చీ రాశి. ఒక్కో బెంచికి ఒక్కో రాశి ఇవ్వండి.

ఏం రాస్తారో చెప్పనా? "సుద్దముక్క రాశి: ఆదాయం 2, వ్యయం 14. రాజపూజ్యం 1, అవమానం 6. ఈ రాశి వారికి ఈ సంవత్సరం అరుగుదల ఎక్కువగా కనబడుచున్నది. విరిగిపోయే గండం కలదు. వెనక బెంచీ వైపు విదేశీ ప్రయాణం ఉన్నది." చెత్తబుట్ట రాశికి ఆదాయం 14, వ్యయం 2. ఎందుకురా అని అడిగితే "అందరూ వేస్తారు టీచర్, ఎవరూ తియ్యరు" అన్నాడు. లెక్క ఎంత కరెక్టుగా ఉందో చూడండి. భవిష్యత్తులో జరగబోయేది చెప్పే వాక్యాలు వ్యాకరణం పేరు ఎత్తకుండానే వచ్చేస్తాయి. "కనబడుచున్నది, కలదు" అని ఆ పంచాంగం బాణీ పట్టుకోవడం పిల్లలకి మహా సరదా. ఒక గొంతుని విని, దాన్ని అనుకరించి రాయడం. పెద్ద రచయితలు చేసే పనే ఇది.

పంచాంగంలో నవనాయకులుంటారు కదా. రాజు, మంత్రి, సేనాధిపతి, సస్యాధిపతి, ధాన్యాధిపతి, అర్ఘాధిపతి, మేఘాధిపతి, రసాధిపతి, నీరసాధిపతి. తొమ్మిదిమంది. మీ తరగతికి వీళ్ళెవరో పిల్లల్నే తేల్చమనండి, కారణం రెండు వాక్యాల్లో రాయాలి. కుళాయి మేఘాధిపతి అన్నారు ఒక బళ్ళో. చిక్కీలు పంచే పిల్ల రసాధిపతి. నీరసాధిపతి పదవి కోసం మాత్రం పోటీ ఎక్కువ ఉంటుంది. ఆఖరి పీరియడ్ చెప్పే మాస్టారికి ఇస్తారు, మీరు ఏమీ అనుకోకూడదు. మాస్టారూ, మిమ్మల్ని కాదు, మీరెందుకు తల దించుకుంటున్నారు?

ఇంకోటుంది. ఈ ఉగాదికి విశ్వావసు వెళ్ళిపోయి పరాభవ వస్తోంది. పేరు వినగానే మొహం మాడ్చుకుంటాం. పాపం, దాని తప్పేముంది? అరవై పేర్లున్నాయి, వరసలో దానికది వచ్చింది. "పరాభవ గారు మీ ఇంటి గుమ్మంలో నిలబడ్డారు. నన్ను లోపలికి రానివ్వండి అంటున్నారు. మీరేమంటారు, ఆవిడేమంటుంది?" సంభాషణ రాయండి. నాలుగైదు తరగతుల పిల్లలు ఇది బ్రహ్మాండంగా రాస్తారు. ఇంకాస్త సరదా కావాలంటే వాళ్ళు పుట్టిన సంవత్సరం పేరు చెప్పండి. పదకొండేళ్ళ క్రితం, అంటే 2015లో వచ్చిన ఉగాది మన్మథ. మరుసటిది 2016 దుర్ముఖి, 2017 హేవిళంబి. ఉజ్జాయింపుగా మీ ఐదో తరగతిలో మన్మథులూ, నాలుగో తరగతిలో దుర్ముఖులూ కూర్చున్నారు. అందుకే నాలుగో తరగతి అంత గోల చేస్తుందని మీరు ఇప్పుడు అనుకుంటున్నారు, కాదూ?

పరాభవ ఇంతకుముందు వచ్చింది 1966లో. అరవై ఏళ్ళు. అంటే ఆ ఏడు పుట్టినవాళ్ళకి షష్టిపూర్తి. మీ పిల్లల ఇళ్ళల్లోనో, వీధిలోనో ఒక అమ్మమ్మో తాతయ్యో ఆ వయసువాళ్ళు తప్పకుండా ఉంటారు. వాళ్ళ దగ్గరికి పంపండి, మూడు ప్రశ్నలు చాలు. "నా వయసులో ఎండాకాలం రాత్రి ఎక్కడ పడుకునేవాడివి? అప్పుడు మీ వీధిలో ఉండి ఇప్పుడు లేని చెట్టేది? దాన్ని ఎవరు కొట్టేశారు?" మూడో ప్రశ్నకి ఒక్కోసారి "నేనే" అని జవాబొస్తుంది. పిల్లలు ఆ జవాబుని వదలరు, ఎందుకు కొట్టావని అడుగుతారు. అడిగింది, చెప్పింది రాసుకొస్తే చాలు.

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఉగాది అందరి ఇళ్ళల్లో ఉండదు. గుంటూరులో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈసారి రంజాన్ సరిగ్గా ఉగాది పక్కనే వస్తోంది. మట్టల ఆదివారం 29న. చర్చి నుంచి పిల్లలు పచ్చి మట్టలు పట్టుకుని వస్తారు. నెలవంక కోసం డాబా ఎక్కిన పిల్లాడికీ, మట్ట పట్టుకుని ఎండలో నడిచిన పిల్లకీ కూడా అదే వసంతం. "మీ ఇంట్లో ఈ నెల పండగకి ముందు రోజు సాయంత్రం ఏం జరుగుతుంది?" అని అడగండి. ముందు రోజు అని అడగడం మర్చిపోవద్దు. పండగ రోజు గురించి అడిగితే అందరూ "కొత్త బట్టలు కట్టుకుంటాం, పిండివంటలు తింటాం" అంటారు. ముందు రోజైతే ఇల్లు దులపడం, దర్జీ దగ్గర పోట్లాట, అప్పు తెచ్చిన పాలు, అన్నీ వస్తాయి.

మన వసంతం ఎర్రగా ఉంటుంది

ఇప్పుడు మన ఊరి సంగతి. వసంతం పచ్చగా ఉంటుందని రాయిస్తున్నాం కదా, గుంటూరు చుట్టుపక్కల ఈ నెలల్లో భూమి ఏ రంగులో ఉంటుంది? మాట్లాడరేం? ఎర్రగా ఉంటుంది! కల్లాల నిండా మిరపకాయలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డుకి వచ్చే లారీలు, టిక్కీల మీద టిక్కీలు, అంటే మిరప బస్తాలు, ఆ రోడ్డున వెళ్తే తుమ్ములు, దగ్గు. ఇంత పెద్ద సంగతి జరుగుతుంటే మన పిల్లల పుస్తకాల్లో ఒక్క మిరపకాయ లేదు. ఎందుకు లేదు? అది అందమైన విషయం కాదని మనం నేర్పాం కాబట్టి.

కళ్ళు మూసుకోమనండి పిల్లల్ని. చూపు తప్ప మిగతా నాలుగింటితో రాయాలి. కల్లంలో ఎండిన కాయని చేత్తో కదిపితే గలగలమంటుంది, లోపల గింజలు. బాగా ఎండిందో లేదో రైతు ఆ చప్పుడుని బట్టి కూడా చెబుతాడు. కోతకెళ్ళిన అమ్మ చేతులు రాత్రికి మండుతాయి, ఆ చేత్తో అన్నం కలపలేదు, నీళ్ళల్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఆ చేత్తో కళ్ళు తుడవదు. తొడిమలు తీసే ఇంట్లో పడుకున్న పసిపిల్ల నిద్రలో తుమ్ముతుంది. ఇవన్నీ నేను ఊహించి చెప్పేవి కావు, మీ క్లాసులో కూర్చున్న పిల్లలకి తెలిసినవి. తేజ రకం ఎలా ఉంటుంది, బాడిగ ఎలా ఉంటుంది, ఏది ముడతగా ఉంటుంది, ఏది ఘాటు, తాలు కాయ అంటే ఏమిటి, మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. తెలిసినవాడు రాస్తే వాక్యం నిలబడుతుంది.

మార్చిలో ఒక్కోసారి వాన పడుతుంది కదా. పుస్తకంలో వాన అంటే కాగితం పడవలు. కల్లంలో కాయ ఉన్నవాడి ఇంట్లో వాన అంటే ఏమిటి? ఒక పిల్లాడు రాశాడు: "రాత్రి ఉరిమింది. నాన్న చెప్పులేసుకోలేదు. టార్చిలైటు నాకిచ్చాడు. నేను లైటు పట్టుకున్నాను, అమ్మా నాన్నా పట్టాలు కప్పారు. లైటు కదపకు అని నాన్న అరిచాడు. నేను కదపలేదు, నా చెయ్యి కదిలింది." ఇంతే రాశాడు. దీనికి నేను శీర్షిక పెట్టమంటే "వసంత ఋతువు" అని పెట్టాడు. ఎందుకంటే బోర్డు మీద ఆ రోజు అంశం అదే కదా! నేనలాగే ఉంచాను.

ఇక్కడ ఇంకో సంగతి. కోతల కాలంలో కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి కుటుంబాలకి కుటుంబాలే మనవైపు వలస వస్తాయి. పిల్లలూ వస్తారు. కొందరు అక్కడే సీజనల్ హాస్టళ్ళల్లో ఉండి చదువుకుంటారు, కొందరు అమ్మానాన్నల వెంటే వచ్చేస్తారు. మీలో పొలాల పక్క ఊళ్ళల్లో పనిచేసేవాళ్ళకి తెలుసు, సంవత్సరం చివర్లో రిజిస్టర్‌లో లేని పిల్లలు వచ్చి వెనక కూర్చుంటారు. వాళ్ళని "మీ ఊరి గురించి రాయి" అంటే బిగుసుకుపోతారు. "మీరు బయల్దేరేటప్పుడు మూటలో ఏమేం కట్టారు?" అని అడగండి. జాబితా రాయడం ఎవరికైనా వస్తుంది. ఒకడు రాశాడు: "బియ్యం, జొన్న పిండి, చాప, రెండు బిందెలు, తమ్ముడు. మేక రాలేదు." తమ్ముణ్ణి కూడా మూటలో రాశాడని పిల్లలు నవ్వారు. వాడూ నవ్వాడు. అప్పటిదాకా వాడు ఆ క్లాసులో నవ్వలేదు. తర్వాత మేక గురించి వాడే అడక్కుండా రాసుకొచ్చాడు.

మా బళ్ళో చెట్టే లేదు మేడమ్ అని ఎవరో అంటున్నారు. ఎక్కడమ్మా మీది? విజయవాడ వన్‌టౌన్? సరే, అక్కడ చెట్టెందుకు దొరుకుతుంది. గోడ పగులులో రావిమొక్క ఉంటుంది, చూడండి, ఏ పాత గోడలోనైనా ఉంటుంది. రావి చిగురు ముందు రాగిరంగులో, గులాబీ కలిసినట్టు, పల్చగా వస్తుంది, వెలుతురు అందులోంచి కనిపిస్తుంది. వారం పది రోజుల్లో లేతాకుపచ్చ, తర్వాత ముదురు. ఆకు చివర తోక ఉంటుంది. నోటుపుస్తకం వెనక పేజీలో రోజుకొక్క వాక్యం రాయాలి, అదే ఆకు గురించి. నిన్న రాసిన మాట ఇవాళ వాడకూడదు. ఒంటిపూట బడి ఉన్నన్నాళ్ళూ ఇదే. కానుగ చెట్టున్న బళ్ళకి ఇంకా తేలిక, ఈ నెలలో ఆకంతా రాల్చి చూస్తుండగానే కొత్తాకు తొడుగుతుంది, నూనె రాసినట్టు మెరుస్తుంది.

గోడలో మొక్క కూడా లేకపోతే పూలమ్మే ఆవిడ ఉంటుంది. మైలవరం వైపు తోటల నుంచి మల్లెలు ఇప్పుడిప్పుడే రావడం మొదలవుతాయి. మూర ఎంత అని అడుగుతాం. ఎవరి మూర? అమ్మే ఆవిడ మోచెయ్యి ఒకలా ఉంటుంది, కొనే ఆవిడ మోచెయ్యి ఒకలా ఉంటుంది. ఆ బేరం సంభాషణగా రాయమనండి. పూలు కట్టే ఇంటి పిల్ల మీ క్లాసులో ఉంటే, దారం ఎలా తిప్పాలో, ఎన్ని పూలు కలిపి పెట్టాలో, ముడి ఎక్కడ పడాలో చూడకుండా కట్టగలిగేలా రాయమనండి. చదివి మీరు కట్టి చూడండి. పూలు రాలిపోతే ఆ పిల్ల మళ్ళీ రాస్తుంది. విజయవాడ పిల్లలకి కొండ మీద వసంత నవరాత్రులుంటాయి, అమ్మవారికి రోజుకో రకం పూలతో అర్చన. ఏ రోజు ఏ పూలో రాసుకొస్తే అదే ఒక పద్యంలా చదువుకోవచ్చు.

పొడుపు కథల గురించి ఒక్క నిమిషం. కవిత రాయండి అంటే ప్రాస కోసం పాట్లు పడతారు, "చిలక, మొలక, పలక" అని. పొడుపు కథ అల్లమనండి. వస్తువు పేరు చెప్పకుండా దాన్ని చూపించాలి కాబట్టి తప్పనిసరిగా దగ్గరగా చూస్తారు. తాటిముంజ మీద పిల్లలు అల్లింది: "ఒక ఇల్లు, మూడు గదులు, గది గదిలో నీళ్ళు, తలుపు తియ్యడానికి బొటనవేలు." మిరపకాయ మీద: "చిన్నప్పుడు పచ్చ చొక్కా, పెద్దయ్యాక ఎర్ర చొక్కా, ముట్టుకుంటే నేను ఏడవను, నువ్వు ఏడుస్తావు." ఒకటి రెండు తరగతుల పిల్లలు రాయలేరు, చెబుతారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు మీరు బోర్డు మీద రాయండి, కింద పేరు వెయ్యండి. వాళ్ళ మాట బోర్డెక్కితే అది చదవడానికి వాళ్ళే అక్షరాలు కూడబలుక్కుంటారు.

విజయవాడ రేడియో స్టేషన్ 1948లో మొదలైంది. ఉగాదికి రేడియోలో కవి సమ్మేళనం వింటూ పెరిగినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ క్లాసులోనూ పెట్టండి, పొడుపు కథల సమ్మేళనం. ఒక శాలువా తీసుకెళ్ళండి, ఒక్కటే చాలు, అందరికీ వంతులవారీగా అదే కప్పి మళ్ళీ తీసుకోవచ్చు. మన సభల్లో కూడా కొన్ని శాలువాలు అలా తిరుగుతూనే ఉంటాయి.

దిద్దడం గురించి అడిగారు ఇందాక. వీటిని పరీక్ష పేపర్లలా దిద్దకండి. "మాయమ్మ మిరగాయలు కొయ్యబోయింది" అని రాస్తే "మా అమ్మ మిరపకాయలు కోయడానికి వెళ్ళినది" అని ఎర్రసిరాతో మార్చకండి. అది తప్పు కాదు, వాళ్ళమ్మ మాట. ఒత్తులు, దీర్ఘాలు పోతే పెన్సిల్‌తో కింద చిన్న గీత పెట్టండి, వాళ్ళే సరిచేసుకుంటారు. మార్కులు ఎలా వెయ్యాలి అంటే, ఆ పిల్ల ఒక్కతే రాయగలిగిన వాక్యం ఒక్కటి దొరికితే దాని పక్కన టిక్కు పెట్టండి. గోడ పత్రికకి ఎత్తేటప్పుడు మంచి దస్తూరీ ఉన్న పిల్ల చేత అందరివీ రాయించకండి, ఎవరిది వాళ్ళే రాయాలి, గీత వంకరపోయినా సరే.

ఇంకేముంది? చెప్పాల్సినవి చెప్పాను. ఇప్పుడు వినడం అయిపోయింది, మీ వంతు. కాగితాలు పంచుతున్నారు, తలా ఒకటి తీసుకోండి. మనం రాయకుండా పిల్లల్ని రాయమనడం కుదరదు. మీకు కాకి అర్జీ ఇవ్వను, అది వినేశారు. మీ బడిగంట పరాభవ నామ సంవత్సరానికి తన రాశిఫలం చెప్పుకుంటోంది. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం, నాలుగు వాక్యాల ఫలితం. పది నిమిషాలు. పెన్ను లేనివాళ్ళు పక్కవాళ్ళని అడగండి. చూసి రాయకూడదు, మాస్టారూ, మీకే చెబుతున్నాను. ఆ ఫ్యాను కాస్త తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. కానివ్వండి.